వెనక్కి పిలవని దేశం

న్యూజీలాండులో ఒక స్కూలువాళ్ళు మా మనవరాలి పక్కన వారానికి పది గంటలు ఒక మనిషిని కూర్చోబెట్టి చదివిస్తామన్నారు. మేం పైసా కట్టక్కర్లేదన్నారు. నేను ఒక్కణ్ణే రంగంలోకి దిగి, ఇరవై నిమిషాల్లో, కప్పులో టీ చల్లారేలోగా, ఆ పదిని సున్నాకి దించేశాను. ముప్పై ఏళ్ళుగా తెనాలి బజార్లో స్టీలు సామాన్లు అమ్ముతున్నాను. ఇంత లోతుకి దించినవాణ్ణి మా బజారు మొత్తంలో చూపించండి, నా కొట్టు తాళం ఇచ్చేస్తాను. ఒకటే చిన్న లోపం. ఆ పదీ కావలసింది మాకే.

అసలు నేను అంత దూరం ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. మా బజారు వర్తకులం పదకొండు మందిమి కలిసి ఒక స్కూలు నడుపుతున్నాం. అందులో చదువు వెనకబడ్డ పిల్లలకి పెరటివైపు ఒక గది. బోర్డు మీద ఏం రాసినా, ఊళ్ళో అందరూ దాన్ని డల్ సెక్షన్ అనే అంటారు. ఆ పిల్లలకి అందే సాయం బాగుపడాలి, ఎవరో ఒకరు దగ్గరుండి చూడాలి అని 2007లో కమిటీ తీర్మానించింది. చూసేవాడికి జీతం లేదనేసరికి అందరూ నా వైపు తిరిగారు. సరిగ్గా అప్పుడే మా అన్నయ్య కూతురు శిరీష వెల్లింగ్టన్ దగ్గర జాన్సన్‌విల్ నుంచి ఫోన్ చేసి, "బాబాయ్, ఇక్కడి స్కూళ్ళు చూసినట్టూ ఉంటుంది, మా దగ్గర ఉన్నట్టూ ఉంటుంది, రా" అంది. టిక్కెట్టు నాది, తిండి మా అన్న కూతురిది, రిపోర్టు స్కూలుకి అన్నాను. పదకొండు మందిలో పదిమంది బల్లలు చరిచారు. చరచని పదకొండోవాణ్ణి నేను.

జాన్సన్‌విల్: పద్నాలుగు డాలర్ల కోటు

ఆగస్టు కదా అని చొక్కాలతో దిగాను. అక్కడ ఆగస్టంటే చలికాలం తోక. ఆ తోకతో కొడితేనే నాకు పళ్ళు టకటకలాడాయి. జాన్సన్‌విల్ అంతా గుట్టలు, గుట్టల మీద చెక్క ఇళ్ళు, ఇళ్ళ మీద గాలి. మనకి గాలి కిటికీలోంచి వస్తుంది. వాళ్ళకి గోడల్లోంచి వస్తుంది. ఇంట్లో కూడా కోట్లేసుకుని తిరుగుతుంటే, "హీటర్ వెయ్యవేమే" అన్నాను. "కరెంటు బిల్లు నువ్వు కడతావా బాబాయ్" అంది శిరీష. మా వంశం పిల్లే అని తృప్తిపడి దుప్పటి కప్పుకున్నాను.

కొత్తిమీర కట్ట రెండున్నర డాలర్లు. డాలరు అప్పట్లో ముప్పై రూపాయలు. డెబ్బై అయిదు రూపాయల కొత్తిమీర! మా తెనాలిలో వంకాయలు కొంటే కొత్తిమీర మొహాన కొట్టి పంపుతారు. వీధి చివర కొట్టుని డెయిరీ అంటారు గానీ అందులో పాలతోపాటు పేపరూ, సబ్బూ, ఐస్‌క్రీమూ అన్నీ ఉంటాయి. మూడు రోజులు ఆ కొట్టుకి వెళ్ళాను, ఒక్క మనిషి ఒక్క ధర గురించీ ఒక్క మాట అనలేదు. చీటీ మీద ఉన్నది ఇవ్వడం, నవ్వడం, వెళ్ళిపోవడం. చూస్తుంటే నాకు నోరు దురదపెట్టేది.

నాలుగో రోజు శిరీష నన్ను ఆప్ షాపుకి తీసుకెళ్ళింది. జనం వద్దనుకుని ఇచ్చేసిన వస్తువుల్ని అమ్మి, ఆ డబ్బు ధర్మకార్యాలకి వాడే దుకాణం. గల్లాపెట్టె దగ్గర డెబ్బై దాటిన ఒక దొరసానమ్మ స్వెట్టర్ అల్లుకుంటోంది. నాకు సరిపోయే ఉన్నికోటు దొరికింది. పద్నాలుగు డాలర్లు. చూడనట్టు చూసి, "గుండీ వదులుగా ఉంది. ఎనిమిదికి ఇస్తారా?" అన్నాను.

"గుండీ కుట్టుకోవచ్చు, బాబూ" అంది ఆవిడ.

"అయితే వద్దులెండి" అని కోటు తగిలించి తలుపు వైపు నడిచాను. ఇది మా విద్యలో ఆఖరి మెట్టు. గుమ్మం దాటేలోపు వెనకనుంచి పిలుపు రావాలి. మా కొట్లో ఎవరైనా అలా లేస్తే వాళ్ళ చెప్పులు కాళ్ళకి ఎక్కేలోపు నేను పిలుస్తాను. ఈవిడ పిలిచింది కూడా. "మీకు ఈ రోజు చాలా బాగా గడవాలి!" అని.

రెండు సందులు దాటేసరికి గాలి నా చెవులు కోసింది. వెనక్కి వెళ్ళి పద్నాలుగూ లెక్కపెట్టి ఇచ్చాను. ఆవిడ గల్లాపెట్టె మూసి, ఒక బూడిదరంగు మఫ్లర్ తీసి నా మెడకి చుట్టి, "ఇది ఊరికే. మీకు చలిగా ఉంది కదా" అంది. జీవితంలో మొదటిసారి పూర్తి ధర ఇచ్చాను, మొదటిసారి కొసరు దొరికింది. ఈ రెంటికీ సంబంధం ఉందని ఆలోచించే తెలివి ఆ రోజు నాకు లేదు.

పెటోనీ: దిగకూడని చోట దిగడం

శిరీష కూతురు మేఘనకి ఎనిమిదేళ్ళు. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతుంది. ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో, ఏ అంకుల్ కారు ఏ రంగో, ఎవరు ఎవరితో మాట్లాడ్డంలేదో అన్నీ దాని నోట్లో ఉంటాయి. శనివారం లోవర్ హట్‌లో స్నేహితుల ఇంట్లో భోజనానికి పిలిచారు. వాళ్ళంతా కార్లో వెళ్తే, రైలు చూడాలని నేను రైలన్నాను. "తాతా, నేను తీసుకెళ్తా. నాకు అన్ని స్టేషన్లూ తెలుసు" అంది మేఘన.

నిజంగానే తెలుసు. "మొదట సముద్రం వస్తుంది. తర్వాత పెద్ద బ్రిడ్జి. తర్వాత ఎర్ర రేకుల షెడ్డు. తర్వాత మనది." దాని పేరు వాటర్లూ. గైడుని పెట్టుకున్నాక బోర్డులు చదవడం దండగని కళ్ళజోడు జేబులోనే ఉంచుకున్నాను.

వెల్లింగ్టన్ స్టేషన్లో తెలిసింది, పట్టాల మీద ఏదో పని ఉందట, ఆ రోజుకి రైలు బదులు బస్సు. బస్సులో సముద్రం వచ్చింది గానీ బ్రిడ్జీ రాలేదు, షెడ్డూ రాలేదు. మేఘన కిటికీకి ముక్కు ఆనించి అటూ ఇటూ చూసి, చివరికి ధైర్యం చేసి గంట నొక్కింది. దిగాం. బస్సు వెళ్ళిపోయింది. ఎదురుగా మనిషంత బోర్డు.

"ఇదేనా మన స్టేషను?" అన్నాను.

అది బోర్డు వంక చాలాసేపు చూసింది. "ఇదే" అంది.

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. పెటోనీ. మన స్టేషను ఇంకా ముందుంది. నా మొహం చూసి దాని మొహం వాడిపోయింది. "నేను మొదటి అక్షరం చూసి మిగతాది గెస్ చేస్తా తాతా. ఇప్పుడు భయమేసి అది కూడా చూడలేదు."

"స్కూల్లో పుస్తకాలు ఎలా చదువుతావే మరి?"

"బొమ్మలు చూస్తా. పక్కన కూర్చునే జెస్ చదివేది విని బైహార్ట్ చేస్తా." నా కోటు పట్టుకుని లాగి, "అమ్మకి చెప్పకు" అంది.

"ఏం?"

"అమ్మకి ఏడుపొస్తుంది. నాన్నకి తెలుసు."

ఇంకో బస్సు వచ్చేవరకు చేపలూ చిప్సూ అమ్మే కొట్లో నిలబడ్డాం. ఒక స్కూపు, అంటే గరిటెడు, చిప్స్ రెండు డాలర్లు. ఇద్దరికి రెండు స్కూపులన్నాను. తెల్ల కాగితంలో చుట్టి పసిపిల్లంత పొట్లం నా చేతుల్లో పెట్టారు. మా ఊరి పెళ్ళిలో ఒక బంతికి సరిపోతాయి. సముద్రం గట్టున కూర్చుని తింటుంటే నాలుగు డాలర్ల చిప్స్‌లో మూడు డాలర్లవి పక్షులు ఎత్తుకెళ్ళాయి. మేఘన మళ్ళీ నవ్వింది. ఆ రాత్రి శిరీష, "ఎందుకు ఆలస్యమైంది బాబాయ్?" అంటే, "బస్సువాడు తప్పు చోట ఆపాడమ్మా" అన్నాను. అబద్ధంలో మొదటి వాయిదా అది.

స్కూల్లో: ఐదు రకాల బిస్కట్లు

మంగళవారం మేఘన స్కూల్లో మీటింగు. మా అల్లుడు ప్రసాద్ ఆ రోజు ఆఫీసు పని మీద ఆక్లండ్ వెళ్ళాలి. వెళ్తూ, "వాళ్ళు చెప్పేది విని సంతకం పెట్టడమే. వచ్చే టర్ముకి గంటలు ఇస్తారు" అని శిరీషకి రెండుసార్లు చెప్పాడు. శిరీషకి ఆ మీటింగంటే గొంతులో ముల్లు. జాన్సన్‌విల్‌లో మనవాళ్ళ ఇళ్ళు చాలా. "స్పెషల్ హెల్ప్ అని కాగితం మీద పడితే, బాబాయ్, వారంలో అందరికీ తెలుస్తుంది. నువ్వు రా. నువ్వు మాట్లాడు" అంది. నాకు ఒకటి విన్నట్టు గుర్తు: నువ్వు మాట్లాడు. మిగతాది వినలేదు.

ప్రత్యేక సాయం చూసే టీచరు పేరు జూడిత్. అక్కడ హెడ్మాస్టర్ని కూడా పేరు పెట్టి పిలుస్తారు. నన్నూ పేరు పెట్టి పిలిచింది, నేను వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. చిన్న గది, గుండ్రటి బల్ల, టీ, పళ్ళెంలో ఐదు రకాల బిస్కట్లు. మా కమిటీ మీటింగుల్లో ఒక బిస్కట్ విరిచి ఇద్దరికి పెడతాం. బిస్కట్లే ఇన్ని పెట్టారంటే వీళ్ళ దగ్గర సరుకు బాగానే ఉందని లెక్క వేసుకున్నాను.

జూడిత్ కాగితం ముందుకు జరిపింది. "మేఘన చాలా తెలివైన పిల్ల. చదవడంలో మాత్రం ఇబ్బంది పడుతోంది. వచ్చే టర్ములో వారానికి పది గంటలు ఒక టీచర్ ఎయిడ్ తన పక్కన ఉంటే బాగుంటుందనుకుంటున్నాం. మీరేమంటారు?"

మొదటి మాటే పది. మొదటి మాట పదంటే లోపల గోదాంలో ఇరవై ఉన్నట్టే కదా. చిన్నప్పుడు గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి మా నాన్న నేర్పింది మూడే ముక్కలు. కావలసినదాని వైపు చూడకు. అవసరం ఉన్నట్టు కనపడకు. ఇవ్వకపోతే లేచి నడువు. మూడూ వరసగా ప్రయోగించాను.

"ఇబ్బందా? మా పిల్లకా?" అని నవ్వాను. "ఇంట్లో గడగడా చదువుతుందండీ."

శిరీష నా వైపు చూసింది. ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. దాని మొహంలో ఒక వెలుగు. ఎన్నాళ్ళనుంచో ఎవరైనా ఈ మాట అంటే బాగుండునని ఎదురుచూస్తున్నట్టు.

జూడిత్ కాగితాలు తిరగేసింది. "అలాగా? క్లాసులో అయితే..."

"క్లాసులో సిగ్గు. మాకు అంత అవసరం లేదండీ."

"ఖచ్చితంగానా?"

ఇదిగో, వస్తోంది అనుకున్నాను. ఇప్పుడు పదిహేను అంటుంది. "ఖచ్చితంగా" అని లేచి నిలబడ్డాను.

జూడిత్ కూడా లేచింది. మాకంటే ముందు వెళ్ళి, గాలికి కొట్టుకోకుండా తలుపు పట్టుకుని నిలబడింది. "మీ ఇష్టమే మాకు ముఖ్యం" అంది. బయటికి వచ్చి వరండాలో పిల్లలు వేసిన బొమ్మలు చూస్తున్నట్టు పది నిమిషాలు నిలబడ్డాను. "వెళ్దామా బాబాయ్" అంది శిరీష. "ఆగు, పిలుస్తారు" అన్నాను. నిజంగానే జూడిత్ పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో నా మఫ్లర్. "మరిచిపోయారు" అంది.

అయినా నేను కంగారుపడలేదు. పెద్ద బేరాలు ఒక రోజులో తేలవు. రెండు రోజులు నాననిస్తే వాళ్ళే దిగొస్తారని శిరీషకి చెప్పి, ముందే అనుకున్న ప్రకారం రిపోర్టు కోసం ఇంకో స్కూలు చూడ్డానికి, దక్షిణాన ఉన్న డునెడిన్‌కి విమానం ఎక్కాను.

డునెడిన్: కొత్త గిన్నె

డునెడిన్‌లో ప్రసాద్ స్నేహితుడి ఇంట్లో దిగాను. వాళ్ళది నిజామాబాద్. ఆయన ఆసుపత్రి ల్యాబులో పని. భార్య షబానా అక్కడి స్కూల్లో టీచర్ ఎయిడ్. వాళ్ళ వీధి మా ఇంటి డాబా మెట్లంత నిటారు. పైకి ఎక్కేసరికి నేను తెచ్చిన పూతరేకులు పొడి అయ్యాయి, నేను కూడా.

శాకాహారినని ముందే చెప్పి ఉంచారు. షబానా తళతళలాడే గిన్నెలో పప్పు తెచ్చి పెట్టి, "కొత్త గిన్నె అంకుల్. దీంట్ల మాంసం ఎన్నడు వండలే. మీకోసమే కొన్న" అంది. నాకు కళ్ళు చెమర్చాయి. కానీ అలవాటు ఊరుకోదు కదా, ఒక పక్కన గిన్నె అంచు మీద గోటితో కొట్టి చూశాను. పల్చటి రేకు. "ఎంత పెట్టావమ్మా?" "ఇరవై డాలర్లు." "మా కొట్లో నూటయాభై రూపాయలు." "అయితే మీరు అక్కడ కూసొని తినుండ్రి అంకుల్, మీకు అగ్గువ పడ్తది" అంది నవ్వుతూ.

మర్నాడు ఆమె స్కూల్లో వెనక కుర్చీలో కూర్చున్నాను. టీచర్ ఎయిడ్ అంటే టీచరూ కాదు, ఆయా కాదు. టీచరు అందరికీ చెబుతున్న పాఠమే పక్కన కూర్చుని ఒక పిల్లకి అందించే మనిషి. షబానా ఒక పాప పక్కన, ఎదురుగా కాదు, పక్కన కూర్చుంది. అట్టముక్కకి ఒక కిటికీ కోసి పుస్తకం మీద పెట్టింది. అందులోంచి ఒక్క వరసే కనిపిస్తుంది. ఆ వరస అయ్యాక కిటికీ కిందికి జరుగుతుంది. ఇరవై నిమిషాల్లో నాలుగు వరసలు. వరసకి ఐదు నిమిషాలు, గంటకి జీతం ఇంత, వరసకి ఎంత పడిందని నేను గుణించుకుంటుంటే, ఆ పాప నాలుగో వరస పూర్తిచేసి గది చుట్టూ చూసింది. ఎవరైనా విన్నారా అన్నట్టు. నా గుణకారం మధ్యలో ఆగిపోయింది. అసలు మా డల్ సెక్షన్లో మేం ఏ పిల్ల పక్కనా కూర్చోలేదు. అందర్నీ ఒక గదిలో వేసి, ఎదురుగా నిలబడి అరిచాం.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నాక నా జాన్సన్‌విల్ బేరం గురించి షబానాకి చెప్పాను. కొంచెం గొప్పగానే చెప్పాను. ఆమె నములుతున్నది ఆపేసింది.

"అంకుల్, మీరు వద్దన్నరా?"

"వద్దనలేదమ్మా. బేరం మొదలుపెట్టాను."

"వద్దు అనే మాట అన్నరా, లేదా?"

"అన్నాననుకో. రెండు రోజులాగితే వాళ్ళే పిలుస్తారు."

"ఎందుకు పిలుస్తరు అంకుల్? ఇక్కడ వద్దంటే వద్దే. ఇంటోళ్ళకు అక్కర్లేదంట అని రాసుకుంటరు. మీ మాటను గౌరవించిండ్రు."

"గౌరవించారా!" అన్నాను. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో నాకు ఇంత నష్టం చేసిన గౌరవం ఇంకోటి లేదు.

"స్కూలుకొచ్చే పైసలు గింతే. గంటలు గిన్నే. అడిగే పిల్లలు బోలెడుమంది. లిస్టు ఎప్పుడు క్లోజ్ చేస్తరు?"

తెలియదు. సాయంత్రం శిరీషకి ఫోన్ చేశాను. అవతల అది ముక్కు ఎగబీల్చింది. "ఉత్తరం వచ్చింది బాబాయ్. మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం అని. ఏమైనా మార్చుకుంటే శుక్రవారం లిస్టు మూసేలోపు చెప్పమన్నారు, అప్పటికి గంటలు మిగిలితే ఇస్తారట. ఆయన చదివేశారు." ఆ రోజు బుధవారం. తర్వాత ప్రసాద్ ఫోన్ తీసుకున్నాడు. అరిచి ఉంటే బాగుండేది. "మావయ్య గారూ, మీరు వచ్చాక మాట్లాడదాం" అన్నాడు మెత్తగా.

ఆదివారం టిక్కెట్టుని గురువారానికి మార్చమన్నాను. డెబ్బై అయిదు డాలర్లన్నారు. తగ్గించమని నేను అడగలేదు. కౌంటర్లో అమ్మాయికి తెలియదు గానీ, ఆ క్షణంలో ఆమె ముందు ఒక అద్భుతం జరిగింది.

మళ్ళీ జాన్సన్‌విల్: ఉన్నది ఉన్నట్టు

విమానాశ్రయం నుంచి ఇంటికి వస్తూ దారి సగం దాటాక ప్రసాద్ నోరు విప్పాడు. "ఆ పది గంటల కోసం నేను రెండేళ్ళు తిరిగాను మావయ్య గారూ. శిరీష ఒప్పుకోదు, నేను ఒక్కో ఫారం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టేవాణ్ణి. తను తీసి దాచేసేది."

"అల్లుడూ, రేపు నేను తిరిగి తెస్తాను" అన్నాను.

"మీరేం తేవద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చాలు."

"ఉన్నది ఉన్నట్టా?"

"కష్టమనిపిస్తే మాట్లాడకండి."

శుక్రవారం ఉదయం మళ్ళీ అదే బల్ల. ఈసారి ప్రసాద్, శిరీష, నేను, మేఘన కూడా. జూడిత్ పిల్లని కూడా కూర్చోమంది. ఆ పిల్ల గురించే కదా అంది. మా స్కూల్లో పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ముందు చేసే పని పిల్లల్ని బయటికి పంపడం.

గొంతు సవరించుకున్నాను. "పోయినసారి నేను చెప్పింది అబద్ధమండీ."

జూడిత్ కలం ఆగింది.

"మా ఊళ్ళో కావలసినదాన్ని వద్దంటాం."

"ఎందుకని?" అని అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని. యాభై నాలుగేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

"తక్కువకి వస్తుందని."

"కానీ ఇది ఊరికే ఇచ్చేదే కదా?"

"ఊరికే ఇచ్చేదైతే ఎక్కువ వస్తుందని."

ప్రసాద్‌కి దగ్గు వచ్చింది. జూడిత్ ఒకసారి నా వంకా, ఒకసారి బిస్కట్ల వంకా చూసి, పెదవులు బిగించుకుంది. నవ్వు ఆపుకుంటోందని తెలిసింది గానీ నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఇప్పుడు సరుకులో లోపాలు నేనే విప్పి చూపించాలి. బజార్లో పుట్టినవాడికి అది నడివీధిలో పంచె విప్పడం లాంటిది. పెటోనీలో దిగిన సంగతి చెప్పబోయి, మేఘన వైపు చూశాను. అమ్మకి చెప్పొద్దన్నది అదే కదా.

"నేను చెప్తా తాతా" అంది మేఘన. చెప్పింది. బోర్డు సంగతి, మొదటి అక్షరం సంగతి, జెస్ చదువుతుంటే విని బైహార్ట్ చేసే సంగతి. మధ్యలో చిప్స్ ఎత్తుకెళ్ళిన పక్షుల సంగతి కొంచెం ఎక్కువే చెప్పింది.

శిరీష బల్ల అంచు పట్టుకుంది. ఇంగ్లీషులో, చిన్న గొంతుతో, జూడిత్‌కి కాదు, కాగితానికి చెబుతున్నట్టు అంది. "నా కూతురికి చదవడం రావడం లేదు."

తల్లి చెయ్యి మేఘన తట్టింది. "ఇట్స్ ఓకే అమ్మా. నాకు తెలుసుగా."

శిరీష ఏడుస్తుందని ఎనిమిదేళ్ళ పిల్ల దాచింది. శిరీష నిజంగానే ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, కలం అడిగింది. మేఘన పళ్ళెంలోంచి చాక్లెట్ బిస్కట్ తీసి తల్లి ముందు పెట్టింది. రెండోది తనకి తీసుకుంది.

జూడిత్ జాబితా తెరిచింది. "బుధవారం నాలుగు గంటలు ఇంకో పిల్లకి ఇచ్చేశాం. ఆరు మిగిలాయి. ఆరు మేఘనవి."

నా నోరు దానంతటదే తెరుచుకుంది. బల్ల కింద ప్రసాద్ నా కాలు తొక్కాడు. తొక్కక్కర్లేదు గానీ తొక్కాడు. నేను అడిగింది వేరే. "ఆ నాలుగూ తీసుకున్నవాళ్ళు ఎన్నిసార్లు అడిగారండీ?"

"ఒకేసారి" అంది జూడిత్. "ఇస్తామంటే, థాంక్యూ అన్నారు."

శిరీష సంతకం పెట్టింది. తిరుగు ప్రయాణానికి నాకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. రిపోర్టు కోసం చూడాలనుకున్న మిగతా ఊళ్ళన్నీ మానేసి, షబానా చేసినట్టే అట్టముక్కకి కిటికీ కోశాను. పిల్లల పుస్తకాలు తెస్తే మేఘన మొహం తిప్పుకుంది. అవన్నీ దానికి బైహార్టు. అందుకని ఇంటి పెట్టెలో వచ్చి పడే సూపర్‌మార్కెట్ ధరల కాగితాలు తీశాను. రోజూ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర పక్కపక్కన కూర్చునేవాళ్ళం. ఉల్లిపాయలు, సబ్బులు, కాలీఫ్లవర్. అంకెలు ముందే వచ్చు, పేరు తర్వాత వచ్చేది. ఏ కొట్లో ఏది, షబానా అన్నట్టు, అగ్గువో పట్టుకోవడం పందెం. నేను చదివితే నా ఉచ్చారణ దిద్దేది. పదో రోజున శిరీషకి బియ్యం బస్తా మీద మూడు డాలర్లు మిగిల్చింది. చదివి మిగిల్చింది.

తెనాలి: రిపోర్టు

కమిటీలో రిపోర్టు చదివాను. డల్ సెక్షన్ గది తీసేద్దాం, ఆ పిల్లల్ని అందరితో కూర్చోబెట్టి, పక్కన కూర్చోవడానికి ఇద్దరు అమ్మాయిల్ని పెడదాం అన్నాను. "ఒక్కరు చాలదూ?" అన్నారు. "చాలదు" అన్నాను. నేను తగ్గకపోవడం చూసి, ఒంట్లో బాగుందా అని అడిగారు. ఇద్దర్నీ పెట్టారు.

తర్వాత తండ్రుల్ని పిలిచాం. మొదట వచ్చిన ఆయన ఉల్లిపాయల మండీలో గుమాస్తా. "మావాడికేం లోటు లేదండీ. నాలుగు తగిలిస్తే అదే వస్తుంది. అక్కర్లేదు" అని లేచాడు. పాతరోజుల్లో ఇలాంటివాళ్ళకి దండం పెట్టి పంపేవాణ్ణి. ఒకరి ఖర్చు మిగిలింది కదా అని. అలా ఎంతమందిని గుమ్మం దాటనిచ్చానో! మేం వద్దన్న మాటకి జూడిత్ విలువిచ్చింది, ఆవిడ దేశంలో అది మర్యాద. మా ఊళ్ళో వద్దు అన్నది మొదటి మాట మాత్రమే అని నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసీ ఇన్నాళ్ళూ పిలవలేదు. ఈసారి ఆ గుమాస్తా చెప్పుల్లో కాళ్ళు పెట్టేలోపు, "ఏమయ్యోయ్, ఇలా వచ్చి కూర్చో" అని పిలిచాను. వచ్చి కూర్చున్నాడు. టీ తెప్పించాను. బిస్కట్ విరవలేదు.

బిల్లు

ఇంకా వెళ్ళనివాళ్ళ కోసం లెక్క రాస్తున్నాను. విమానం టిక్కెట్టు యాభై ఎనిమిది వేలు. చలి బట్టలు, చిప్స్, రైళ్ళు, బస్సులు కలిపి మూడు వేల చిల్లర. డునెడిన్ రానుపోను నాలుగు వేలు, తేదీ మార్చినందుకు రెండు వేల రెండు వందల యాభై. అదీ రూపాయల లెక్క.

గంటల లెక్క వేరే. వారానికి పది ఇస్తామంటే ఆరు దక్కాయి. నాలుగు నా వల్ల పోయాయి. పది వారాల టర్ముకి నలభై గంటలు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేను చెల్లించినవి పదకొండు. చిప్స్ తింటూ గడిపినదీ, సంతకం రోజు బల్ల దగ్గర కూర్చున్నదీ ఇందులో కలపలేదు. కలపాలనిపించింది, కలపలేదు. ఇంకా ఇరవైతొమ్మిది బాకీ మిగిలాయి. మేఘన అడగలేదు, శిరీష అడగలేదు, ప్రసాద్ కూడా ఆ మాట ఎత్తలేదు. తగ్గించమని నేనూ అడగలేదు.